పొదుపైన చెయ్యి

ఆఫీసులో ఆమెను అందరూ కత్తెర అంటారు. ఎదురుగా అనరు గానీ, అంటారని ఆమెకు తెలుసు. ఇంకొకళ్ళు రాసి వదిలేసిన ప్రోగ్రాముల్లో పనికిరానివి వెతికి తీసెయ్యడం ఆమె ఉద్యోగం. కొత్తగా రాసినవాళ్ళకి చప్పట్లు కొడతారు, తీసేసిన మనిషికి ఇలాంటి పేరు పెడతారు. వండినవాళ్ళని మెచ్చుకున్నట్టు గిన్నెలు తోమినవాళ్ళని ఎవరూ మెచ్చుకోరని ఆమె ఒకసారి తమ్ముడితో అంటే, "తోమే మనిషి రాకపోతే మాత్రం అందరికీ గుర్తొస్తుందిలే అక్కా" అన్నాడు వాడు.

వాళ్ళ కంపెనీ అమ్మేది ఒకటే సరుకు. పాట కట్టుకోవాలని సరదాపడేవాళ్ళకి, కీబోర్డు నేర్చుకునేవాళ్ళకి కార్డ్స్ వరసపెట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్. కార్డ్ అంటే మరేం లేదు, మూడు నాలుగు మీటలు ఒక్కసారే నొక్కితే పలికే స్వరాల గుత్తి. ఒక గుత్తి వెనక ఏ గుత్తి వస్తే ఇంపుగా ఉంటుంది, ఏది వస్తే పంటికింద రాయిలా తగులుతుంది అన్నదానికి రూల్స్ ఉంటాయి. ఆ రూల్స్ ప్రకారం సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటే ఏరి, ఎడంచేత్తో నొక్కాల్సినవి ఎర్రగా, కుడిచేత్తో నొక్కాల్సినవి నీలంగా తెరమీద వెలిగించి చూపిస్తుంది. సంతోషం, విచారం, ప్రయాణం అని బొత్తాలుంటాయి. ఏది కావాలంటే అది నొక్కుకోవడమే.

ఆ రూల్స్ అన్నీ మాస్టారు చెప్పినవి. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే వచ్చి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వరసలు వింటూ, నచ్చనిది రాగానే చెయ్యి పైకెత్తి "ఇది వద్దు" అనేవారు. పక్కన కూర్చున్నవాళ్ళు ఆ వద్దుని ఒక రూలుగా రాసి పెట్టేవారు. రాసేవాళ్ళు మారారు, కుర్చీలు మారాయి, వద్దులు మాత్రం పోగుపడుతూనే ఉన్నాయి.

సోమవారం మేనేజరు కత్తెరను పిలిచాడు. మనిషి మంచివాడే. అరవడు, ఎవరింట్లో ఎవరికి బాగోకపోయినా మర్నాడు మర్చిపోకుండా అడుగుతాడు. చెడ్డ కబురు చెప్పాల్సివచ్చినప్పుడు మాత్రం బల్లమీది పెన్నులన్నీ ఒక వరసలో సర్దుతాడు. ఆమె వెళ్ళేసరికి పెన్నులు సర్దుతున్నాడు.

"ఫోన్లో పెడితే మనది నత్తనడక నడుస్తోందండీ. ఒక్క వరస ఇవ్వడానికి అన్ని రూల్స్‌నీ అడిగొస్తోంది. సగానికి సగం తగ్గాలి."

"ఏ సగం సార్?"

"అది తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తాను?" అని నవ్వి, ఎర్ర పెన్ను జరిపి నల్ల పెన్ను పక్కన పెట్టాడు. "తగ్గించాక పాతదీ కొత్తదీ మాస్టారికి వినిపిద్దాం. శుక్రవారం. ఏది ఏదో ఆయనకి చెప్పకూడదు. చెబితే పెద్దాయన కావాలని తప్పులు వెతుకుతాడు."

"ఆయన తేడా కనిపెడితే?"

"కనిపెడితే ఆయన చెవి మనకి కావాలన్నమాటే. ఇంకో ఏడాది ఉంటారు."

"కనిపెట్టలేకపోతే?"

మేనేజరు పెన్నుల వైపే చూస్తూ, "ఈ వయసులో రోజూ రెండు బస్సులు మారి వస్తున్నారు. వచ్చే నెల నుంచి ఇంక ఇబ్బంది పెట్టనక్కర్లేదు" అన్నాడు.

ఇబ్బంది పెట్టనక్కర్లేదు అన్న మాట కత్తెరకి రోజంతా చెవిలో మోగుతూనే ఉంది. మాస్టారి పీకకి ఆయన చేతే ఉరి వేయించి, కష్టం తప్పించాం అనుకోవడం లాంటిది అది. అయినా ఆమె తలూపి వచ్చేసింది. కాదనగలిగిన మనిషి అయితే ఆ ఉద్యోగంలో ఇన్నాళ్ళు ఉండేది కాదు.

మర్నాడు పొద్దున మాస్టారు ఎప్పటిలాగే వచ్చారు. గొడుగు తలుపు వెనక ఆనించి, చొక్కా జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, కీబోర్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా తుడిచారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. ఒకప్పుడు ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్ళు ఈయనే కావాలని పట్టుబట్టేవారట. గొంతు మీద పడకుండా, ఎంత కావాలో అంతే వాయిస్తారని పేరు. కంపెనీ ప్రకటనలో ఇప్పటికీ ఆయన ఫోటో కింద 'పొదుపైన చెయ్యి' అని ఉంటుంది.

"ఇవాళ ఏం కత్తిరిస్తున్నావమ్మా?" అన్నారు. ఆ పేరు ఆయన చెవిలో కూడా పడిందన్నమాట.

"ఇంకా మొదలుపెట్టలేదు మాస్టారూ."

"మొదలుపెట్టు. గుడ్డకి జాలిపడితే చొక్కా కుట్టలేం."

ఆమె ఒక వరస పెట్టింది. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. మూడో గుత్తి దగ్గర చెయ్యి లేచింది.

"వద్దు. బరువు."

"బరువంటే ఏంటి మాస్టారూ?"

"బరువంటే బరువే. తీపికి ఇంకో పేరు చెప్పమంటే ఏం చెప్తాం?"

టీ వచ్చింది. ఆయన గ్లాసు ఎడంచేత్తో పట్టుకున్నారు. ఎప్పుడూ అంతే, చిటికెనవేలు అరచేతిలోకి ముడుచుకుని, మిగతా వేళ్ళతో గ్లాసు అంచు పట్టుకుని, వేడి తగ్గేదాకా ఊదుకుంటూ తాగుతారు. అదేదో నాజూకుతనం అనుకునేది కత్తెర ఇన్నాళ్ళూ.

రెండు రోజులు ఆమె ఆ రూల్స్‌తో కుస్తీ పట్టింది. ఒకటి తీస్తే ఇంకో మూలన ఏదో ఊడిపడేది. ఈ గుత్తి తర్వాత ఆ గుత్తి రాకూడదు. వస్తే గిస్తే నెమ్మదిగా రావాలి. నెమ్మదిగా వచ్చినా విచారంలో రాకూడదు. వద్దుకి మినహాయింపు, మినహాయింపుకి మళ్ళీ వద్దు. ఏ రెండిటికీ పోలిక లేదు. సంగీతం పుస్తకాలు తెచ్చుకుని చూస్తే, వాటిలో చక్కగా ఒప్పుకున్నవాటినే మాస్టారు వద్దన్నారు. పుస్తకాలు కూడదన్నవి కొన్ని ఈయన హాయిగా రానిచ్చారు. పెద్దవాళ్ళ చెవి పుస్తకానికి అందదు కాబోలు అనుకుంది.

బుధవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి తమ్ముడు స్నానం చేసి, తల తుడుచుకుంటూ వంటింట్లో గిన్నెల మూతలెత్తి చూస్తున్నాడు. వాడు ఇళ్ళకి వైరింగు చేస్తాడు. గోడలు తవ్విన సున్నం ఎంత కడుక్కున్నా చెవుల వెనక మిగిలే ఉంటుంది.

"ఇవాళ నాకూ నీలాంటి పనే తగిలిందక్కా" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ. "పాత ఇల్లు. ఎక్కడ చూసినా వైరు ముడేసి ఉంది. హాల్లోంచి వంటింట్లోకి తిన్నగా పోవాల్సింది, మెట్ల కిందనుంచి చుట్టుతిరిగి వస్తోంది. ఎందుకురా బాబూ అని ఇంటాయన్ని అడిగితే, ఆయన పుట్టకముందు నుంచీ అంతేనట."

"మరేం చేశావ్?"

"తీసేసి తిన్నగా లాగేశా. కానీ ముందు ఒకటి చూసుకోవాలి. ఎక్కడ ముడి ఉందో అక్కడ ఎవడో షాక్ తిన్నాడన్నమాటే. ఊరికే ఎవడూ వైరుని అంత దూరం తిప్పడు. గోడలో నెమ్ము ఉందేమో, కింద నీళ్ళ పైపు ఉందేమో. ఆ కారణం ఇంకా ఉందా పోయిందా చూసుకుని తీయాలి. లేకపోతే ఈసారి నేను తింటా."

"నీకు మాటలెక్కువ, అన్నం తక్కువ" అంది గానీ, చెయ్యి కడుక్కుంటున్నప్పుడు కూడా కత్తెరకి ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. మాస్టారు ఏం షాక్ తిన్నారో, ఎక్కడ తిన్నారో.

గురువారం మధ్యాహ్నం, మాస్టారు ఇంటికి వెళ్ళాక, ఆమె రికార్డింగు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గోడల నిండా మోతని పీల్చేసే నురుగు పలకలు అంటించిన చిన్న గది. మాట్లాడితే మన గొంతే మనకి పొడిగా వినిపిస్తుంది. వద్దన్నవాటిని ఒక్కొక్కటే తెరమీద పెట్టుకుని తన చేత్తో వాయించి చూద్దామనుకుంది. ఆమెకి సంగీతం రాదు. వెలిగిన మీటలు నొక్కడం ఎవరికైనా వస్తుంది కదా.

మొదటిదానికి ఎడంచేతి చిటికెనవేలు కింది మీట మీద పెట్టి, బొటనవేలు అటు చివరికి చాపాల్సివచ్చింది. నొక్కితే గంభీరంగా మోగింది. బరువేమీ అనిపించలేదు, గది కాస్త పెద్దదైనట్టు అనిపించింది. తనకేం తెలుసులెమ్మని రెండోది పెట్టింది. అదీ అంతే, చెయ్యి బాగా విప్పితే గానీ అందలేదు. మూడోది, నాలుగోది. ఇంకాసేపటికి చిటికెనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. చెయ్యి విదిలించుకుని మళ్ళీ కూర్చుంది. 'బరువు' అన్నదీ, 'ఇక్కడ గాలి ఆడదు' అన్నదీ, 'పాడేవాళ్ళకి అడ్డం' అన్నదీ, దేన్ని వాయించినా లాగుతున్నది ఆ వేలే.

కత్తెర నొప్పిపెడుతున్న వేలిని కుడిచేత్తో నొక్కుకుంది. మాస్టారి టీ గ్లాసు కళ్ళముందు మెదిలింది ఆమెకి. గ్లాసు పట్టుకున్న చెయ్యి, అరచేతిలోకి ముడుచుకుపోయిన వేలు. అది నాజూకు కాదు. ఆ వేలు విచ్చుకోదు.

ఆమె తిరిగి తన బల్ల దగ్గరికి వచ్చి ఒక్క రూలు రాసింది. ఎడంచెయ్యి ఇంతకంటే ఎక్కువ విప్పాల్సివస్తే వద్దు, అంతే. వందల కొద్దీ పాత వద్దుల్ని పక్కకి పెట్టి ఆ ఒక్కదాన్నే ఉంచి నడిపించింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే ఏవో కొన్ని తప్ప వరసలు అచ్చుగుద్దినట్టు ఒకటే. ఇన్నేళ్ళలో ఏదీ ఇంత అందంగా తగ్గలేదు. ఇంకోరోజైతే లేచి నాలుగు బల్లల వాళ్ళకీ చూపించి వచ్చేది. ఆ రోజు మాత్రం ఏడుపొచ్చింది. ఒక మనిషి నొప్పిని ఇంతమంది కూర్చుని శాస్త్రంలా రాసుకున్నారు. వాళ్ళలో తనూ ఉంది.

ఆపైన ఇంకో సంగతి తట్టింది. ఈ ఒక్క రూలుతో వినిపిస్తే మాస్టారు తేడా కనిపెట్టలేరు. చెప్పుకోదగ్గ తేడా లేదు మరి. ఆయన తల అటూ ఇటూ ఊపి రెండూ ఒకటే అంటారు, మేనేజరు పెన్నులు సర్దుతాడు, గొడుగు ఇంక ఆ తలుపు వెనక ఉండదు. తను బాగా పనిచేస్తే ఆయన పోతారు. చెడగొడితే ఉంటారు.

కత్తెర చాలాసేపు ఆ ఒక్క రూలు వైపే చూసింది. తర్వాత దాన్ని కూడా తీసేసింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి ఎంత దూరమైనా చెయ్యి చాపే స్వేచ్ఛ ఉంది. ఆయనకి గిట్టని గుత్తులన్నీ వస్తాయి. వినగానే చెయ్యి లేస్తుంది. ఉద్యోగంలో చేరాక కావాలని పని చెడగొట్టడం ఆమెకి అదే మొదటిసారి.

శుక్రవారం మాస్టారు వచ్చి గొడుగు ఆనించగానే, ఆమె తనే వెళ్ళి రెండు టీలు తెచ్చింది. ఆయన ఆశ్చర్యపడ్డారు.

"ఏంటమ్మా, కత్తెరకి సెలవా?"

"మాస్టారూ, ఇంకాసేపట్లో మీకు రెండు వినిపిస్తారు. మొదటిది పాతది. రెండోది నేను కత్తిరించింది. మీకు చెప్పకూడదన్నారు."

"మరెందుకు చెప్తున్నావ్?"

"మీకు తేడా తెలియకపోతే మిమ్మల్ని వచ్చే నెల నుంచి రావద్దంటారు. రెండోది బాగోలేదు అనండి చాలు. నిజంగానే బాగుండదు. మీరు వద్దన్నవన్నీ అందులో ఉన్నాయి."

మాస్టారు గ్లాసులోకి చూస్తూ ఊదుకున్నారు. ముడుచుకున్న ఆ వేలి వైపు చూడకుండా ఉండడానికి కత్తెర గోడమీది గడియారం వైపు చూసింది. తనకి తెలిసిందని ఆయనకి తెలియకూడదు. దాచుకున్నవాళ్ళ ముందు కనిపెట్టినట్టు నిలబడడం కంటే మర్యాదలేని పని లేదు.

"నీ టీ చల్లారిపోతోంది" అన్నారాయన. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

రికార్డింగు గదిలో మేనేజరు, మాస్టారు, ఆమె కూర్చున్నారు. ముగ్గురికే ఇరుకు. మేనేజరు మాస్టారి మోకాలి గురించి అడిగాడు, బస్సుల గురించి అడిగాడు, ఆపైన "ఊరికే మీ అభిప్రాయం కోసం మాస్టారూ" అన్నాడు. ఆమె మొదటి వరస పెట్టింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఎక్కడా చెయ్యి లేవలేదు. అలవాటైన వీధిలో నడిచే మనిషిలా తల చిన్నగా ఊపుతూ విన్నారు. అయిపోయాక, "ఊఁ" అన్నారు.

రెండోది మొదలైంది. మూడో గుత్తి దగ్గర ఎడంచేతి స్వరాలు ఒక్కసారి దూరందూరంగా విచ్చుకున్నాయి. మాస్టారు కళ్ళు తెరిచారు. కత్తెర ఆయన చేతి వైపే చూస్తోంది. అది ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని చూసింది. చెయ్యి తొడమీదే ఉంది. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి, అక్కడ మీటలున్నట్టు. నాలుగు వేళ్ళే కదులుతున్నాయి.

"మళ్ళీ పెట్టమ్మా" అన్నారు.

పెట్టింది. అయ్యాక మళ్ళీ పెట్టమన్నారు. మేనేజరు ఫోను తీసి చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"తేడా ఏమైనా తెలిసిందా మాస్టారూ?"

"తెలిసింది."

"ఏది బాగుంది?"

మాస్టారు కత్తెర వైపు ఒకసారి చూశారు. కోపంగా కాదు, పొడిగానూ కాదు. అలసిపోయి ఇంటికొచ్చిన మనిషి చూసినట్టు చూశారు.

"రెండోది" అన్నారు. "రెండోదే బాగుంది. అదే ఉంచండి."

మేనేజరు వేళ్ళు సర్దడానికి ఏదో వెతికాయి. ఇక్కడ బల్ల లేదు, పెన్నులు లేవు. "అది... అది రూల్స్ తగ్గించింది మాస్టారూ" అన్నాడు మెల్లిగా.

"తెలుసండీ. సామాన్లు సర్దుతుంటే ఇంట్లోవాళ్ళకి తెలియదా, ఇల్లు మారుతున్నారని. నాకేం బాధ లేదు. అయితే ఒక మాట. అన్నీ గంపగుత్తగా తీసేస్తే చెత్త కూడా లోపలికొస్తుంది. ఏవి తీయాలో ఏవి ఉంచాలో ఈ అమ్మాయితో కూర్చుని చెప్పేసి వెళ్తాను. తర్వాత ఇంక రాను."

మేనేజరు లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు. నిజంగానే కళ్ళు చెమర్చాయి అతనికి. బరువు దిగిన మనిషికి కూడా కన్నీళ్ళు వస్తాయి. తలుపు మెల్లిగా వేసి వెళ్ళిపోయాడు.

"ఎందుకలా అన్నారు మాస్టారూ?" అంది కత్తెర. ఆమె గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు. "ముందే చెప్పాను కదా మీకు. ఒక్క మాట అంటే పోయేది."

ఆయన ఎడంచెయ్యి తీసి కీబోర్డు అంచుమీద, వెలుతురులో పెట్టారు. చిటికెనవేలు రెండో కణుపు దగ్గర వంగి, అక్కడే ఆగిపోయి ఉంది.

"వ్యాను తలుపులో పడింది. సామాన్లు దింపుతున్నప్పుడు. ఆ సాయంత్రమే ప్రోగ్రాం. మానేస్తే ఇంకొకడు కూర్చుంటాడు నా చోట్లో. గుడ్డ చుట్టుకుని వాయించాను. అందినవి వాయించాను, అందనివి వదిలేశాను. ఎవరైనా కనిపెడతారని చచ్చేంత భయం. ఎవరూ కనిపెట్టలేదు. పైగా పాడినావిడ దిగి వచ్చి, ఎంత పొదుపుగా వాయించారండీ అంది." ఆయన కొంచెం నవ్వారు. "మొదట్లో అందవు కాబట్టి వదిలేసేవాణ్ణి. కొన్నాళ్ళకి అవి బాగోవు కాబట్టి వదిలేస్తున్నాననుకున్నాను. అబద్ధం ఎవరితోనూ ఆడలేదమ్మా, నాతోనే ఆడాను. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకీ అదే చెప్పాను. వద్దు, బరువు అని. వాళ్ళ వేళ్ళు బంగారంలా ఉండేవి."

ఈసారి కత్తెర గడియారం వైపు చూడలేదు, ఆ వేలినే చూసింది.

"నీకు తెలుసు కదూ?" అన్నారాయన.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచి."

"చెప్పలేదేం?"

"ఏమని చెప్పను మాస్టారూ?"

ఆయన ఒప్పుకున్నట్టు తలూపారు. "పొద్దున నువ్వు చెప్పినప్పుడు, బాగోలేదనే అందామనుకున్నాను. అనడానికే కూర్చున్నాను. తీరా విన్నాక నోరు రాలేదు. ఒక్కసారైనా నిజం చెప్పకపోతే ఈ చెవి ఎందుకు? పద, పని చూద్దాం."

అప్పటినుంచి పని మొదలైంది. శుక్రవారం అంతా, మళ్ళీ సోమవారం, మంగళవారం. ఆమె ఒక వద్దుని పైకి తీసి వినిపించేది, ఆయన చెప్పేవారు. "ఇది వేలు." ఆమె తీసేసేది. "ఇదీ వేలే." తీసేసేది. "ఇది వేలు కాదు. అందినా అందకపోయినా ఇది బాగోదు, ఇది చెవి. ఉంచు." ఒక్కో దగ్గర మొహం చిట్లించి, "ఇదెవడు రాశాడు? నేను టీకి వెళ్ళినప్పుడు రాసుంటాడు" అనేవారు. కత్తెర నవ్వేది. నవ్వుతూనే ఒక్కోటి తీసేస్తున్నప్పుడు, ఆయన కూర్చున్న కుర్చీ కిందనుంచి తనే ఒక్కో మేకు ఊడదీస్తున్నట్టు ఉండేది. ఆయన మాత్రం చురుగ్గా ఉన్నారు. సాయంత్రానికి భుజాలు వాలిపోయేవి. అయినా ఇంకో నాలుగు చూద్దాం అనేవారు.

ఇంటి దగ్గర తమ్ముడు, "ఏమైందక్కా, ముడి దొరికిందా?" అని అడిగాడు.

"దొరికింది."

"షాక్ తిన్నవాడు?"

"తనే విప్పుకుంటున్నాడు" అంది కత్తెర. వాడికి ఇంకేదో జోకు వెయ్యాలని ఉంది గానీ, అక్క మొహం చూసి మానేసి, నీళ్ళ చెంబు ఆమె వైపు జరిపాడు.

బుధవారం మధ్యాహ్నానికి ఒకటి మిగిలింది. ఆమె దాన్ని వినిపించింది. మాస్టారు మళ్ళీ అన్నట్టు చెయ్యి ఊపారు. ఇంకోసారి వినిపించింది.

"తెలియట్లేదమ్మా" అన్నారు. "వేలో చెవో. మిషను వాయిస్తే అన్నీ నున్నగానే ఉంటాయి. ఇది చేత్తో వాయించి చూస్తే గానీ తేలదు."

రికార్డింగు గదిలో ఆయన కీబోర్డు ముందు కూర్చుని, గుడ్డతో తుడిచి, రెండు చేతులూ మీటల మీద పెట్టారు. కుడిచెయ్యి కుదురుగా కూర్చుంది. ఎడంచేతిలో బొటనవేలు, మధ్యవేలు చోటు చూసుకున్నాయి. చిటికెనవేలు కింది మీటకి బెత్తెడు దూరంలో, గాల్లో వంగి నిలబడింది. ఆయన దాన్ని కాసేపు చూశారు.

"ఇటొచ్చి కూర్చో. ఆ కిందిది నువ్వు నొక్కు."

"నాకు రాదు మాస్టారూ."

"రావడానికేముంది, ఒక్క మీట. నేను తలూపినప్పుడు నొక్కు."

కత్తెర ఆయన ఎడమపక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. చిటికెనవేలు మీట మీద పెట్టింది. మాస్టారు తలూపారు. ఆమె నొక్కేసరికి ఆయన గుత్తి అప్పటికే మోగిపోయింది.

"ఆలస్యం. మళ్ళీ."

ఈసారి ఆయన తల కదలకముందే నొక్కేసింది.

"తొందర. నా వేలు చూడకు, నా తల చూడు."

మూడోసారి నాలుగు స్వరాలూ కలిసి లేచాయి. కింది స్వరం ఆమె వేలి కిందనుంచి మోచేతిదాకా పాకింది. నురుగు గోడల మధ్య ఆ పొడి గది నిండిపోయింది. మాస్టారు చేతులు తియ్యలేదు. ఆ మోత సన్నబడి, ఇంకా సన్నబడి, వినిపిస్తోందా లేదా అన్నంత సన్నబడేదాకా అలాగే మీటలు నొక్కిపట్టి ఉన్నారు.

"తీసెయ్యనా, ఉంచనా మాస్టారూ?"

ఆయన కళ్ళు మూసుకున్నారు.

తలుపు కొంచెం తెరిచి మేనేజరు తల లోపలికి పెట్టాడు. "ఎంతవరకు వచ్చిందండీ? ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటే సార్" అంది కత్తెర.

"అయితే ఇవాళ్టికి అయిపోతుందన్నమాట."

కత్తెర మాస్టారి చేతుల వైపు చూసింది. అవి ఇంకా మీటల మీదే ఉన్నాయి. ఎడంచేతి నాలుగు వేళ్ళు వాటి చోట్లలో, ఐదోది గాల్లో.

"అవదు సార్" అంది.

మేనేజరు ఇంకేదో అడగబోయి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళాడు.

"మళ్ళీ" అన్నారు మాస్టారు.

ఆమె చిటికెనవేలు మీట మీద పెట్టి, ఆయన తల వైపు చూసింది.